బండ్ల దారిలో చెలమ

ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత నన్ను పట్టుకుని నిలదీయవద్దు. నేను కొంచెం పెంచి చెప్పే మనిషిని. కొంచెం అన్నది కూడా తగ్గించి చెప్పిన మాటే. మా ఇంట్లో పిల్లి ఎలుకను పట్టిందని చెప్పడం మొదలుపెడితే కాసేపటికి పిల్లికి చారలు వస్తాయి, ఇంకాసేపటికి ఎలుకకు కొమ్ములు మొలుస్తాయి. నా భార్యకు ఈ సంగతి తెలుసు. నేను బజారులో విని వచ్చిన కబురు ఏది చెప్పినా దాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, మిగిలినదాన్ని పక్కింటావిడను అడిగి ఖాయం చేసుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఈ మనిషి విషయంలో పెంచడానికి ఆమె నాకు పెద్దగా చోటు మిగల్చలేదు.

మొన్న కర్నూల్లో మా ఇంటికి సున్నం కొట్టించాలని రాతిసున్నం తెప్పించాం. తొట్టిలో రాళ్ళు వేసి నీళ్ళు పోశారు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎవరో తిట్టబోయే ముందు గొంతు సవరించుకున్నట్టు బుస్సుమంది. ఆ తర్వాత కుతకుతా, గబగబా, అడ్డూ ఆపూ లేకుండా అందుకుంది. ఆ ధోరణి నాకు బాగా తెలిసినదే. సున్నం తెచ్చిన బండి మనిషిని ఏ ఊరని అడిగాను. బేతంచెర్ల పక్కన, ఒకప్పుడు నేను పంతులుగా ఉన్న ఆ ఊరే.

"పెద్దమ్మ ఎట్లుండాది?" అని అడిగాను.

"యాడుండాది సార్, పోయినేడే పాయె" అన్నాడు. "పొయ్యే గడియలో కోడలు నోట్లో నీళ్ళు పొయ్యబోతే, యాడివి ఈ నీళ్ళు అని అడిగె. చెప్పినాంకనే నోరు తెరిచె."

నేను పీట వేసుకుని ఆ తొట్టి ఎదురుగా కూర్చుండిపోయాను. సున్నం చల్లారేదాకా లేవలేదు. మా ఆవిడ వచ్చి చూసి, మొగుడికి ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇచ్చి వెళ్ళింది.

పెద్దమ్మ అసలు పేరు రాయను. ఊళ్ళో ఎవరూ పేరుతో పిలవలేదు గనక నేనూ పిలవను. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పెద్దమ్మా అనే పిలిచేవారు. భూమి ఉన్న ఇల్లు, మొగుడు లేడు, కొడుకు మెతక. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో నేను కొత్తగా పంతులునై ఆ ఊరు వెళ్ళి, వాళ్ళింటి ముందుగదిలో అద్దెకు దిగాను. ఆ ఊళ్ళో గోడలు నాపరాయి, పైకప్పు నాపరాయి, చేనుకు కంచె నాపరాయి, పసులకు కుడితితొట్టి నాపరాయి. బడిలో నా ముందు కూర్చున్న పిల్లలు కూడా నాపరాళ్ళేనేమోనని లెక్కలు చెప్పేటప్పుడు నాకు అనుమానం వచ్చేది.

మనిషి పొడుగు. వాళ్ళ గుమ్మం ఆమెకు చాలక, ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ వంగాల్సి వచ్చేది. ఆమె లోకంలో వంగింది ఆ ఒక్క గుమ్మానికే. కొంగు నడుముకు దోపిందంటే ఎదుటివాడు తన చెప్పులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకునేవాడు. ఇక గొంతు సంగతి. ఊరిబయట గనిలో కూలీలు బండకు ఉలి పెట్టి సుత్తితో కొట్టి కొట్టి పొరలు విడదీస్తుంటారు. పెద్దమ్మ దొడ్లో నిలబడి కోడలిని పిలిస్తే గనిలో బండలు వాటంతట అవే విడిపోయేవి. గని మేస్త్రీ ఆమెను కూలికి పిలుద్దామని రెండుసార్లు బయల్దేరి, ధైర్యం చాలక వెనక్కి వెళ్ళాడు.

ఆమెతో నా మొదటి పరిచయం వంకలో జరిగింది. ఆ ఊరికి నీళ్ళంటే వంకే. వానాకాలం రెండు నెలలు పారుతుంది. తర్వాత పైన అంతా పొడి ఇసుక. ఆ ఇసుకలో చేతులతో గుంత తోడితే అడుగున నీళ్ళు ఊరుతాయి. అదే చెలమ. ఊళ్ళో ఏ ఇంటి బిందె నిండినా చెలమ నీళ్ళతోనే. వంకకు ఒక కట్టుబాటు ఉండేది. ఎగువన తాగే చెలమలు, దాని దిగువన గుడ్డలు ఉతికే మడుగు, ఇంకా దిగువన పసుల గుంత. చెలమ దగ్గరికి చెప్పులతో పోకూడదు. పాత్ర ముంచకూడదు. టెంకాయ చిప్పతో పైపైన తేర్చి తోడుకోవాలి.

ఇవేవీ తెలియని నేను, వచ్చిన మర్నాడు పొద్దున్నే, కిర్రుచెప్పులు వేసుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, సరిగ్గా ఎగువ చెలమలో దాన్ని బుడుంగున ముంచాను. అక్కడ ఉన్న ఆడవాళ్ళు తిట్టలేదు. జాలిగా నా వెనక్కి చూశారు. వెనక పెద్దమ్మ నిలబడి ఉంది.

ఆమె కూడా తిట్టలేదు. వంగి, చెలమలో నీళ్ళన్నీ చిప్పతో తోడి పారబోసింది. నా చెంబులోవి కూడా. తర్వాత ఇసుక చూపించి, కూర్చోమంది.

"మళ్ళ ఊరేదంకా ఈడనే కూసో ఐవారూ. ఎంతసేపు పడతాదో సూడు. అప్పుడు తెలుస్తాది చెంబు యాడ ముంచల్లో."

కూర్చున్నాను. అడుగున ఇసుక తడిసింది. తర్వాత ఒక రూపాయి బిళ్ళంత నీరు మెరిసింది. నా గడ్డం పెరిగింది. రాజ్యాలు మారాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చి, నన్ను చూసి, ఇతనెవరని పక్క మబ్బును అడిగాడు. చిప్ప మునిగేంత ఊట వచ్చేసరికి బడి వేళ దాటిపోయింది. పెద్దమ్మ మొదటి చిప్ప తోడి నాకే ఇచ్చింది. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ తాగలేదు. ఈ వాక్యంలో మటుకు సగం కోయవద్దు.

ఇప్పుడు మా అమ్మాయి పుస్తకంలో సహజ వనరులని ఒక పాఠం ఉంది, కాలుష్యమని ఇంకొకటి ఉంది. కింద ఖాళీలు పూరింపుము అని ఉంటుంది. ఆ మాటలు ఆ రోజుల్లో పంతుళ్ళమైన మాకే తెలియవు. పెద్దమ్మ దగ్గర రెండే మాటలుండేవి. ఒకటి 'మనది', రెండోది 'గలీజు'. గాలి మనది. వంక మనది. ఊరి పక్క ఎర్రమల కొండ మీద కసువు, ఆ కసువు తినే మేకలు, కంపచెట్టు మీద గూడు కట్టిన పిట్ట, తొలకరికి అరిచే కప్ప, ఇవన్నీ మనవే. వాటిలో పడకూడనిది ఏది పడినా గలీజు. చేసినవాడు చుట్టమైనా, సర్కారైనా గలీజుగాడు. ఈ రెండు మాటలతో ఆమె చూడలేని వ్యవహారం నేను చూడలేదు.

అలాంటి ఊళ్ళో, చెలమలకు ఎగువన, వంక గట్టు మీద సున్నపు బట్టీ వెలిసింది.

బట్టీ పెట్టినాయన పెద్దమ్మకు మరిది వరస. చెడ్డవాడు కాడు, అదే చిక్కు. పండక్కి వదినకు చీర పెట్టేవాడు. ఊళ్ళో చాలామందికి కూలి దొరికింది. అప్పుడు కర్నూల్లో ఆఫీసులు లేస్తున్నాయి, పాత గోడలకు కొత్త సున్నం పడుతోంది. కొత్త రాష్ట్రం మొత్తాన్ని తెల్లగా కనిపించేట్టు చేసే భారం తన బట్టీ మీదే పడిందని ఆయన నిజంగా నమ్మేవాడు. కొండ మీది చెట్లు కట్టెలై వచ్చేవి, కాలేవి. సున్నం బండ్లకెక్కి, వంక ఇసుకలో దిగి, బేతంచెర్ల స్టేషనుకు పోయేది. కాలీ కాలని రాళ్ళు, బూడిద, సున్నపు పొడి మాత్రం బట్టీ పక్కనే, వంక గట్టు మీదే దిబ్బ పోసేవారు. ఆ దిబ్బ రోజురోజుకూ పెరిగి, ఎర్రమల తనకొక తమ్ముడు పుట్టాడని తొంగిచూసేదాకా వచ్చింది.

పెద్దమ్మకు బట్టీ మీద మొదటినుంచీ కోపమే. కోళ్ళు గుడ్లు పెట్టకపోతే బట్టీ పొగ. వాన రాకపోతే పొగ మబ్బుల్ని తరిమింది. అల్లుడు దగ్గితే బట్టీ. నా బళ్ళో పిల్లలు పరీక్ష తప్పితే కూడా బట్టీయే. ఆఖరిదానికి కారణం నేనేనని నిజాయితీగా చెప్పబోయాను. "నువ్వు బట్టీ తట్టు మాట్లాడతాండావా ఐవారూ?" అంది. ఆమె చెప్పినవాటిలో చాలా తప్పులే. నీళ్ళ సంగతి ఒక్కటే తప్పు కాలేదు.

నేను వెళ్ళిన ఏడాది తొలివానకు దిబ్బ సగం కరిగి వంకలో పడింది. తొలివానకు వంక ఎర్రగా రావాలి, ఎర్రమల మట్టి రంగు అది. ఆ ఏడు తెల్లగా వచ్చింది. మజ్జిగ పారినట్టు పారింది. గుడ్డల మడుగులో చేపలు వెల్లకిలా తేలాయి. పసులు మూతి పెట్టి తుమ్మి వెనక్కి తిరిగాయి. చెలమలు తోడితే అడుగున కూడా తెలుపే. తాగిన పిల్లల పెదవులు పగిలి, నాలుకలు పొక్కాయి. కప్పలు అరవలేదు. కప్పలు అరవని వానాకాలంలో ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, నా లెక్కల పాఠం పక్క ఊరికి వినిపించింది.

ఆడవాళ్ళు పక్క ఊరి బావికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఊరివాళ్ళు నీళ్ళు ఇచ్చారు గానీ ఊరికే ఇవ్వలేదు. మీ వంకలో పాలు పారతాండాయంట గదా, మా బాయి ఏంటికమ్మా మీకు, అని బావి దగ్గర ఒకామె అంది. పెద్దమ్మ ఆ మాట విని, అప్పటికే నింపిన బిందెను అక్కడి కోడెదూడకు పోసి, ఖాళీ బిందె భుజాన పెట్టుకుని వచ్చింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం ఊరికి కొత్త గనక అందరూ భయపడి తలుపులేసుకున్నారు.

తర్వాత వచ్చిన వరదలు కడిగి కడిగి, చలికాలానికి చెలమలు మామూలయ్యాయి. ఊరు మరిచిపోయింది. కూలి అందుతుంటే మరిచిపోవడం తేలిక. పెద్దమ్మ మరవలేదు. ఆమెకు తాంబూలం లేనిదే పొద్దు గడవదు, కానీ ఆ వాన తర్వాత ఆకులోకి సున్నం మానేసింది. మరిది బట్టీ సున్నం తన నోట్లోకి రాదంది. సున్నం లేని ఆకు నమిలితే నోరు ఎర్రబడదు, కోపం మటుకు ఎర్రబడుతుంది. ఏడాది పొడుగునా మేమంతా ఆ సున్నంలేని తాంబూలం ఫలితం అనుభవించాం.

మళ్ళీ ఎండాకాలం ముదిరింది. దిబ్బ మళ్ళీ పెరిగింది. తొలివాన ఇవాళో రేపో అన్నట్టుంది. పెద్దమ్మ మరిది ఇంటి అరుగు దగ్గరికి వెళ్ళింది. సాక్షిగా నన్ను లాక్కెళ్ళింది. ఆమె అడిగింది ఒక్కటే. బట్టీ మూయమనలేదు. వాన పడకముందు దిబ్బను ఎత్తించి, గట్టు అవతల పాడుబడిన గని గుంతలో పోయించమంది.

ఆయన నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. బండ్లన్నీ రాజధానికి సున్నం తోలుతున్నాయనీ, ఇప్పుడు దిబ్బ కోసం ఒక్క బండి కూడా ఆపలేననీ, వానాకాలం పోయాక చూద్దామనీ అన్నాడు. తర్వాత తన గొప్ప వాదం తీశాడు.

"అయినా వొదినా, సున్నం ఏమన్నా విషమా? దినామూ ఆకులో ఏసుకుంటాండ్ల్యా? కడుపునొప్పొస్తే పిల్లోళ్ళకు సున్నపుతేట తాపుతాండ్ల్యా? ఊరికే మందు పారతాంటే వద్దంటావు."

అరుగు మీద కూర్చున్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపబోయాను. నిజమే అనిపించింది. సున్నం లేని ఇల్లుందా, సున్నం లేని శుభకార్యముందా. ఊరు ఊరంతా ఏడాది క్రితం నాలుకలు పొక్కినా నోరు మూసుకున్నది ఇందుకే. సున్నం మంచిదని పుట్టినప్పటినుంచీ తెలుసు, మంచిది చెడుపు చేస్తుందని ఎవరికి తోస్తుంది?

పెద్దమ్మ తన చూపుడువేలు ఎత్తి, దాని గోరు ఆయన ముక్కు ముందు పెట్టింది.

"ఆకుకు ఇంత తీసుకుంటామప్పా, గోటి కొసకు. నువ్వు బండ్లతో పోస్తివి. ఇంతయితే సున్నం, అంతయితే గలీజు. నీకు ఆ మాత్రం తెలీకనే బట్టీ పెట్టినావా?"

ఆయన నవ్వు ఆపాడు. రాజధాని కడతాండాం వొదినా అన్నాడు. "కట్టు. నేను మటుకు మళ్ళ ఆ ఊరి బాయి కాడ బిందె పట్టుకోని నిలబడను. నేను నిలబడను, నా కోడలు నిలబడదు, ఈ ఊరి ఆడబిడ్డ ఒక్కతి కూడా నిలబడదు" అని చెప్పి, నన్ను మరిచిపోయి వెళ్ళిపోయింది. నేను ఆ అరుగు మీద, ఎటు వైపు మనిషినో ఎవరికీ తెలియకుండా, మా ఇద్దరి మర్యాద కోసం కాఫీ తాగి వచ్చాను.

మర్నాడు పొద్దున పెద్దమ్మ వంకలోకి దిగింది. ఎగువకు పోలేదు. బట్టీ నుంచి స్టేషనుకు పోయే బండ్లు వంకలో ఒకచోట ఇరుకులోంచి దాటాలి. రెండు పక్కలా నిలువు బండ, మధ్యలో ఇసుక, బండి పట్టేంత దారి. వేరే దారి లేదు. ఆమె సరిగ్గా ఆ దారి నడుమ కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టింది. ఎంత వేగంగా తోడిందంటే, ఇసుక ఎగిరి బేతంచెర్ల స్టేషనులో దిగుతున్నవాళ్ళ కళ్ళలో పడింది. మోచేతుల లోతున తడి తగిలింది. ఊట వచ్చింది. చుట్టూ రాళ్ళు పేర్చింది, పక్కన టెంకాయ చిప్ప పెట్టింది, చెలమ అయింది.

మొదటి బండి వచ్చింది. తోలేవాడు ముసలివాడు, చాలా ఏళ్ళుగా బండి మీదే బతికినవాడు. చెలమను చూసి ఎద్దుల్ని నిలిపాడు. దిగి చెప్పులు విడిచాడు. నీళ్ళు తాగాడు. తర్వాత బండి మీదికి ఎక్కకుండా, నీడ చూసుకుని కూర్చుని చుట్ట వెలిగించాడు.

ఈ సంగతి బయటివాళ్ళకు చెప్పాలి. ఆ సీమలో ఎవరి ఇంటి గోడైనా కూల్చవచ్చు, ఎవరి చేనైనా మేపవచ్చు, అందుకు తలలు పగలవచ్చు. తలలు పగలడం మామూలే. నీళ్ళు ఊరుతున్న చెలమ మీద చక్రం పెట్టడం మటుకు ఎవరూ చెయ్యరు. పూడ్చడం కూడా చెయ్యరు. తోడినవాళ్ళే పూడ్చాలి. దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, రాసిపెట్టి ఉంటే ఎవరో ఒకరు ఉల్లంఘించి ఉండేవారు.

వెనక బండ్లన్నీ ఆగాయి. ఎడమ పక్కన ఇరుకుగా పోదామని ఒకడు చూశాడు. పెద్దమ్మ ఎడమ పక్కన ఇంకొకటి తోడింది. కుడి పక్కన చూశారు, అక్కడా తోడింది. నాలుగో చోటు వెతికేసరికి దారంతా చెలమలే అయి, ఆ ఇరుకు తమలపాకు మీద వక్కలు పరిచినట్టు కనిపించింది. బండ్ల వరుస బట్టీ దాకా పెరిగింది. నా లెక్కన ఆ వరుస చివరి బండి నంద్యాలలో ఉంది.

బట్టీ ఆసామి వచ్చాడు. కూలీలను పిలిచి గుంతలు పూడ్చమన్నాడు. వాళ్ళు పారలు పట్టుకుని చెలమల దాకా వచ్చి ఆగారు. ఒకడు మాత్రం ధైర్యం చేసి చెప్పాడు, దీన్ని పూడిస్తే మా ఇంట్లో ఆడమనిషి నాకు సచ్చేదంకా గుక్కెడు నీళ్ళు పొయ్యదు సామీ అని. ఆసామి ముసలి బండివాడి మీద విరుచుకుపడ్డాడు. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, నెమ్మదిగా అన్నాడు.

"దుడ్లు నీవి, బండి నాది, ఎద్దులు నావి. ఈ చెలమ మింద చక్రం పెడితే రేపు ఇవి యే ఊర్లో నీళ్ళు తాగల్లప్పా?"

ఆసామి ముల్లుకర్ర లాక్కుని తనే మొదటి బండి ఎక్కాడు. ఎద్దుల్ని అదిలించాడు. అవి రెండడుగులు వేసి చెలమ అంచున నిలిచాయి. పెద్దమ్మ లేవలేదు. చక్రానికి ఎదురుగా, చెలమ పక్కన, గొంతుకూర్చుని నీళ్ళు తేరుస్తూనే ఉంది.

"లెయ్యి వొదినా" అన్నాడు.

"నీళ్ళు తోడుకుంటాండా. నా పని నాది, నీ పని నీది. తోలు."

"నీకు తగిలితే నా తప్పు కాదు."

"నాకు తగిలితే ముండమోపిది పాయె అనుకుంటారు. నీళ్ళకు తగిలితే ఏమనుకుంటారో, తోలే ముందర ఒకసారి అనుకో."

అప్పుడు ఎర్రమల మీద మబ్బు లేచింది. ఎలాంటి మబ్బు! గున్న ఏనుగుల మంద కొండ దిగుతున్నట్టు నల్లగా, బరువుగా, కదిలివచ్చింది. గాలి చల్లబడింది. ఉరిమింది. బండ్ల నిండా కాల్చిన సున్నపురాయి ఉంది, పైన కప్పు లేదు. దాని మీద వాన పడితే బండిలోనే ఉడుకుతుంది, పగులుతుంది, బండి కాలుతుంది, ఎద్దులు కాలుతాయి, రాజధాని తెల్లదనమంతా వంక పాలవుతుంది. అటు గట్టు మీద దిబ్బ. అదే వానకు అదీ కరిగి కిందికి వస్తుంది. ఒకే మబ్బు కింద ఆయన సున్నమూ ఆమె నీళ్ళూ రెండూ ఉన్నాయి. ఆసామి మబ్బును చూశాడు, బండ్లను చూశాడు, వదినను చూశాడు. పెద్దమ్మ మబ్బు వంక చూడను కూడా లేదు.

ఆయన ముల్లుకర్ర దించాడు. బండి దిగాడు. చెప్పులు విడిచి, చెలమ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ముందర దిబ్బ తోలిస్తా. ఆమైన సున్నం" అన్నాడు.

పెద్దమ్మ చిప్ప నిండా నీళ్ళు తోడి ఆయన చేతికిచ్చింది. తాగాడు. బండ్లు వెనక్కి తిరిగాయి, బట్టీ కొట్టంలో సున్నం దించాయి, దిబ్బ దగ్గర బారులు తీరాయి. పారలు పడ్డాయి. దిబ్బ బండ్లకెక్కి, గట్టు అవతల పాత గని గుంతలోకి పోయింది. చివరి బండెడు పోయాకే ఆమె లేచి, తాను తోడిన చెలమలన్నీ తన చేతులతోనే పూడ్చి, స్టేషను దారి విడిచింది. మరుసటి వాన పడ్డప్పుడు ఊరంతా గట్టు మీదికి పోయి చూసింది. వంక ఎర్రగా వచ్చింది. చిక్కగా, బురదగా, అసహ్యంగా, ఎంత ఎర్రగా ఉండాలో అంత ఎర్రగా వచ్చింది. పెద్దమ్మ చూడడానికి రాలేదు. ఇంటి వసారాలో కూర్చుని, రంగేమిటో నన్ను అడిగింది. చెప్పాను. "అట్లనే గదా రావల్సింది" అంది, అదేదో తన ఘనత కానట్టు.

బట్టీ ఆ తర్వాత కూడా నడిచింది. దిబ్బ మళ్ళీ గట్టు మీద పడలేదు. పడబోయినప్పుడల్లా ఆమె వంకలోకి దిగి ఇరుకు దగ్గర ఊరికే నిలబడేదట. తోడనక్కర లేకపోయింది.

సరే, ఇక నేను కల్పించింది చెప్పాలి. ఇసుక స్టేషను దాకా ఎగరడం, చివరి బండి నంద్యాలలో ఉండడం, ఇలాంటివి మీరే కోసుకుని ఉంటారు, వాటిని నేను లెక్కలో వేయను. నమ్మేలా రాసిన అబద్ధం ఇందులో ఒక్కటే ఉంది. మబ్బు.

ఆ రోజు మబ్బు లేదు. ఎర్రమల మీద గోరంత మబ్బు కూడా లేదు. ఆకాశం కాలిన పెనంలా ఉంది. వాన ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది, తీరిగ్గా. సున్నం తడుస్తుందన్న భయంతో ఆసామి దిగివచ్చాడని రాస్తే మీరు తలూపుతారని, ఊళ్ళో తన మాటకు ఎదురులేని మగవాడు చేతిలో చిప్ప తప్ప ఏమీ లేని విధవరాలికి లొంగాడంటే నమ్మరని, ఆ ఏనుగుల మందను నేనే తోలుకొచ్చాను.

జరిగింది ఇది. ఆయన ముల్లుకర్ర పట్టుకుని బండి మీద నిలబడ్డాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎద్దులు నాలుకలు చాపాయి. వంక మొత్తం మీద, కనుచూపు మేరలో, నీళ్ళున్నది ఆమె తోడిన ఆ చెలమల్లోనే. ఆమె చిప్ప నింపి పైకి చాచింది. దప్పికైతే తాగి తోలు అంది. ఆయన ముల్లుకర్ర దించాడు. తర్వాత దిగి, చెప్పులు విడిచి, తాగాడు.

తాగాక ఆయన మళ్ళీ బండి ఎక్కలేదు.